అభిమానం సరే, డబ్బులేవీ?

చీరకి ఫాల్ కుట్టినందుకు డబ్బులిస్తాం. మరలో పిండి ఆడించినందుకు ఇస్తాం. గుడి బయట చెప్పులు చూసుకున్నందుకు కూడా ఇస్తాం. పొద్దున పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు సర్దేదాకా తోడుండే పాటకి మాత్రం ఇవ్వబుద్ధి కాదు చాలామందికి. పైగా ఏ పాటగాడైనా నోరు తెరిచి "నా పాటలు ఊరికే దింపుకోకండి, కొనుక్కోండి" అన్నాడా, ఇక చూడండి. "అబ్బో, ఎంత డబ్బు మనిషో!" అని మూతి తిప్పేస్తారు. నిన్నటిదాకా అతని ఫొటో గోడకి అంటించుకున్నవాళ్ళే!

ఆ మూతి తిప్పడం గురించే ఇవాళ నా గొడవంతా. నా మటుకు నాకు, అడిగిన పాటగాడి తప్పేమీ కనిపించదు. అడిగేదాకా తెచ్చిన అభిమానులదే తప్పు.

కాపీలు కొత్తేమీ కాదు. క్యాసెట్ల రోజుల్లోనూ ఉన్నాయి. ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, కావలసిన పాటల జాబితా రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే సాయంత్రానికి చేసి పెట్టేవాళ్ళు. కానీ గంట పాటలు ఎక్కించడానికి ఇంచుమించు గంట పట్టేది. తర్వాత సీడీలొచ్చాయి, వంద పాటల ఎంపీత్రీలొచ్చాయి, సెల్‌ఫోన్ల షాపులో మెమరీ కార్డు నింపించుకోవడం వచ్చింది. ఇప్పుడు అదీ అక్కర్లేదు. ఒక్క వేలు నొక్కితే ఆల్బమ్ మొత్తం దిగిపోతుంది, ఇంకో నొక్కుతో వాట్సాప్‌లో పాతిక ఇళ్ళకి వెళ్ళిపోతుంది.

పాటగాళ్ళు దీన్ని నిలదీసిన మొదటి పెద్ద రగడ అమెరికాలో జరిగింది, 2000లో. అంతకు ముందు ఏడాదే షాన్ ఫానింగ్ అనే కుర్రాడు నాప్‌స్టర్ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. మీ కంప్యూటర్‌లో ఉన్న పాట నేను తీసుకోవచ్చు, నాది మీరు తీసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. మెటాలికా అని అక్కడ పెద్ద పేరున్న రాక్ బృందం. వాళ్ళు ఒక సినిమా కోసం ఒక పాట చేస్తున్నారు. అది ఇంకా విడుదల కాకముందే రేడియోల్లో మోగుతోందని తెలిసి ఆరా తీస్తే, నాప్‌స్టర్‌లో తేలింది. అంతేకాదు, వాళ్ళ పాత పాటలన్నీ అక్కడే ఉన్నాయి. ఏప్రిల్‌లో కోర్టుకెక్కారు. మే నెలలో ఆ బృందంలో డ్రమ్స్ వాయించే లార్స్ ఉల్రిక్ స్వయంగా నాప్‌స్టర్ ఆఫీసుకి వెళ్ళాడు. తమ పాటలు పంచుకున్నవాళ్ళ జాబితా, మూడు లక్షలకి పైగా పేర్లు, కాగితాల మీద అచ్చువేయించి పెట్టెలకెత్తి తీసుకెళ్ళి అప్పగించాడు. వీళ్ళని తీసెయ్యండి అన్నాడు.

ఆ పెట్టెల్లో ఉన్న పేర్లు ఎవరివి? శత్రువులవి కాదు, సొంత అభిమానులవి. అందుకే అంత మంట పుట్టింది. కోటీశ్వరుడివి, నీకెందుకీ కక్కుర్తి అని తిట్టారు. కార్టూన్లు వేసి వెక్కిరించారు. ఆ సెప్టెంబరులో ఒక అవార్డుల సభలో వేదిక ఎక్కితే గోల చేశారు. అతను మాత్రం జులైలోనే అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని తన వాదన వినిపించి వచ్చాడు. చివరికి కోర్టులు నాప్‌స్టర్‌కి అడ్డు చెప్పాయి, 2001లో అది మూతపడింది. కానీ ఆ అలవాటు మూతపడలేదు, వేరే పేర్లతో ప్రపంచమంతా పాకింది.

పిల్లల పేర్లు పెట్టెల్లో పెట్టి అప్పగించే పద్ధతి నాకూ నచ్చలేదు. నాలుగు మాటలు చెప్పి చూడాల్సింది. కానీ పద్ధతి వేరు, ప్రశ్న వేరు. అతను అడిగింది ఒక్కటే: నా పనిని ఎవరికి ఊరికే ఇవ్వాలో, ఎవరికి అమ్మాలో చెప్పాల్సింది నేనా, మీరా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం చేతకాకే జనం అతని బ్యాంకు ఖాతా గురించి మాట్లాడారు.

"ధర ఎక్కువ కాబట్టే జనం దొంగదారి పట్టారు" అంటారు కొందరు. సరే, అదీ చూద్దాం. 2007 అక్టోబరులో రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ బృందం తమ కొత్త ఆల్బమ్‌ని తమ సైటులో పెట్టి, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అంది. ఏమీ ఇవ్వకపోయినా ఫరవాలేదంది. మంచి ధర ఇచ్చినవాళ్ళు ఉన్నారు, నిజమే. సున్నా కొట్టి తీసుకున్నవాళ్ళూ బోలెడంతమంది. అంతకన్నా విడ్డూరం, ఊరికే ఇస్తామన్నా ఆ సైటుకి వెళ్ళకుండా పైరసీ దారిలోనే దింపుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇక ధర మాటెక్కడుంది? అది అలవాటు. గుమ్మం తీసి రమ్మన్నా గోడ దూకే అలవాటు.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకుంటున్నారేమో. మన ఇంటి సంగతే చెప్తాను, వినండి.

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం వినని తెలుగిల్లు ఉందా? 1963లో వచ్చిన రికార్డు అది. దాని మీద వచ్చే రాయల్టీని ఆవిడ తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకి ఇచ్చేశారు. ఒక్క సుప్రభాతమే కాదు, ఆవిడ పాడి సంపాదించి దానమిచ్చిన సంస్థలు లెక్కలేనన్ని. అలా ఇచ్చీ ఇచ్చీ, చివరికి ఆ దంపతులకే చేతిలో లేని రోజులొచ్చాయి. ఉంటున్న పెద్ద ఇల్లు కూడా అమ్ముకున్నారు. సాయం చేస్తామంటే పుచ్చుకునే మనుషులు కారు. అప్పుడు దేవస్థానంవాళ్ళు ఏం చేశారో తెలుసా? శాలువా కప్పి కవరు చేతిలో పెట్టలేదు. అన్నమయ్య కీర్తనలు, స్తోత్రాలు పాడి ఇవ్వండమ్మా, రికార్డులుగా తెస్తాం, మీ పనికి మీకు రావలసింది వస్తుంది అన్నారు. అప్పట్లో కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు ఈ సంగతి తర్వాత తన పుస్తకంలో రాశారు. అలా వచ్చినవే బాలాజీ పంచరత్నమాల రికార్డులు, అయిదు. అరవై దాటిన వయసులో ఆవిడ కొత్త కీర్తనలు నేర్చుకుని, తెలుగు మాట మాటా సరిచూసుకుని మరీ పాడారు.

దానం పుచ్చుకోని మనిషి, రికార్డు అమ్మకం మీద వచ్చిన డబ్బు పుచ్చుకున్నారు. ఎందుకంటే అది జాలి కాదు, కష్టార్జితం. రికార్డు కొనడం అంటే అదీ. పాటగాడి చెయ్యి కిందకి రానివ్వకుండా, తల వంచనివ్వకుండా డబ్బు చేర్చే మర్యాదైన దారి. ఆ దారి మూసేసి, రేపు ఆ పాటగాడు మంచాన పడితే "అయ్యో, పెద్ద కళాకారుడు, ఆదుకోండి" అని ఫోన్‌పే నంబర్లు ఫార్వార్డ్ చేస్తాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పాట కొని ఉంటే ఆ నంబరు అవసరమే వచ్చేది కాదేమో!

"దేవుడి పాటకి కూడా డబ్బులేంటండీ, అన్నమయ్యకి ఇస్తున్నామా?" అని అడుగుతారు కొందరు పెద్దావిడలు. అన్నమయ్య పోయింది 1503లో. ఆయన మాటలు అందరివీ, కాదనను. కానీ మనం హాయిగా కూనిరాగం తీస్తున్నామే, ఆ వరస ఎవరిది? తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తన ఉంది, రాగం పేరు ఉంది, పాడే వరస లేదు. ఆ వరసలు కట్టడానికి మన కాలం వాళ్ళే పూనుకోవాల్సి వచ్చింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, 2025 మార్చిలో కన్నుమూసిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, ఇలా ఎందరో కూర్చుని కట్టారు. వాళ్ళ వెనక మృదంగం వాయించినవారు, వీణ వాయించినవారు, పొద్దుపోయేదాకా రికార్డింగ్ గదిలో కూర్చున్నవారు ఉన్నారు. స్వామివారు వాళ్ళ ఇంటికి బియ్యం పంపించరు కదండీ. మనమే పంపాలి. అర్చకుడికి పళ్ళెంలో వేసేటప్పుడు "దేవుడి పనికి డబ్బులేంటి" అని ఎవరూ అడగరే!

మేము ఇదివరకు ఉన్న కాలనీలో ఒక సంగీతం టీచరుగారు ఉండేవారు. పేరెందుకు లెండి. ఇరవై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, చాలక గాజులు తాకట్టు పెట్టి, ఎనిమిది పాటలతో ఒక ఆల్బమ్ చేశారు. స్టూడియో అద్దె, వాద్యాలవాళ్ళు, సీడీల అచ్చు, అట్టమీద బొమ్మ, అన్నీ ఆవిడే. ఆవిష్కరణ సభకి అందరం వెళ్ళాం. పులిహోర బావుందన్నారు, పాటలు ఇంకా బావున్నాయన్నారు. వారం తిరక్కుండా ఆ ఎనిమిది పాటలూ కాలనీ ఫోన్లన్నిట్లోకీ వచ్చేశాయి. సీడీలు మాత్రం ఆవిడ మంచం కింద అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

శ్రావణమాసం పేరంటంలో ఒకావిడ ఎంతో మురిపెంగా అంది, "టీచరుగారూ, మీ పాటలు మా అమెరికా అమ్మాయికి పంపించానండీ. వాళ్ళ తెలుగువాళ్ళ గ్రూపు మొత్తానికి పంపిందిట. అందరూ ఒకటే మెచ్చుకోవడం!"

టీచరుగారు తాంబూలం పళ్ళెం కింద పెట్టి, చాలా నెమ్మదిగా అడిగారు. "చాలా సంతోషం అమ్మా. వాళ్ళలో ఒక్కరైనా సీడీ కొన్నారా? పోనీ, నువ్వు కొన్నావా?"

హాలంతా నిశ్శబ్దం. ఆవిడ గొంతు పెంచలేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు. అయినా ఆవిడ వెళ్ళాక మొదలైంది. "ముత్తైదువల మధ్య ఆ మాటేంటి?" "అంత ఆశ పనికిరాదు." "సరస్వతిని అమ్ముకుంటే అంతే మరి." ఆ మాటన్నావిడ జాకెట్టు మీద మగ్గం పనికి ఎంతయిందో అంతకు పది నిమిషాల ముందే అందరికీ చెప్పుకుంది, గొప్పగా. మగ్గం పనివాడికి లెక్కపెట్టి ఇచ్చినప్పుడు గుర్తురాని సరస్వతి, పాట దగ్గరికొచ్చేసరికి గుర్తొచ్చింది.

టీచరుగారు రెండో ఆల్బమ్ చెయ్యలేదు. త్యాగరాజ ఉత్సవ సంప్రదాయ కీర్తనలు పాడి పెట్టాలని ఆవిడ కోరిక. వాళ్ళ అమ్మమ్మగారి దగ్గర నేర్చుకున్న బాణీలట, ఇంకెక్కడా విననివి. అవి ఇప్పుడు ఎవరి ఫోన్లోనూ లేవు. దొంగిలించుకుందామన్నా దొరకవు. ఊరికే తీసుకుంటే ఏం పోతుందని అడుగుతారు చూడండి, పోయేది ఇదీ. ఉన్న పాట అరిగిపోదు, నిజమే. రావలసిన పాట రాకుండా పోతుంది.

ఇక అసలు మాటకొస్తాను. ఈ సంగతి మగవాళ్ళకంటే, ఉద్యోగస్తులకంటే, ఇల్లు నడిపే మనకే ముందు అర్థం కావాలి. ఎందుకంటే పాటగాడిని అంటున్న ప్రతి మాటా మనం మన ఇంట్లో విన్నదే.

"పాటేగా, ఒకసారి పాడేశాడు, ఇంక ఖర్చేముంది?" అంటారు. "ఇంట్లోనేగా ఉంటావు, ఇంక పనేముంది?" అని మనల్ని అనలేదూ? "అభిమానంతో వింటున్నాం కదా, డబ్బులెందుకు?" అంటారు. "ప్రేమతో వండుతావనుకున్నాను, లెక్కలు చెప్తావేంటి?" అనే మాట ఎన్నిళ్ళలో వినపడదు? పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే మన పద్మ దగ్గరికి చుట్టాలొచ్చి, "మన పద్మేగా" అని రెండు సీసాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతే, ఆ అమ్మాయి మొహం మనకి తెలుసు. నోరు తెరిచి డబ్బడిగితే ఏం పేరొస్తుందో కూడా తెలుసు. పని చేయించుకున్నన్నాళ్ళూ దేవత, విలువ అడిగిన రోజు గయ్యాళి. లార్స్ ఉల్రిక్‌ని తిట్టినా, మా టీచరుగారిని తిట్టినా, పద్మని తిట్టినా వెనకున్న బుద్ధి ఒకటే. నీ పని నాకు కావాలి, నువ్వు మాత్రం నోరెత్తకూడదు!

ఇంటి పనికి విలువ లేదని ఇన్నేళ్ళుగా వాపోతున్న మనం, ఇంకొకరి పనిని చప్పుడు కాకుండా సంచిలో వేసుకుంటే ఆ మాటకి బలమేముంటుంది?

"మనమిచ్చే డబ్బు కంపెనీలే మింగుతాయి, పాడినవాళ్ళకి చేరదు" అనే వాదన ఒకటుంది. ఇందులో సగం నిజం. మన సినిమా పాటల్లో ఎన్నో ఏళ్ళు అంతే జరిగింది. పాట రికార్డు చేసిన రోజు ఇచ్చిందే లెక్క, తర్వాత అది ఎన్ని లక్షలు అమ్ముడుపోయినా గాయనికి సంబంధం లేదు. 1960లలోనే లతా మంగేష్కర్ గాయకులకీ రాయల్టీ రావాలని పట్టుబట్టారు. పాడినందుకు డబ్బు ముట్టాక మనకింకేం హక్కుంది అన్నారు రఫీ గారు. ఆ మాట మీదే ఇద్దరూ కొంతకాలం కలిసి పాడటం మానేశారు. చివరికి 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీ హక్కుని కంపెనీకి రాసిచ్చేయడానికి వీల్లేకుండా చేశారు. గాయకులకీ వాటా ఒప్పుకున్నారు. ఆ సవరణ కోసం రాజ్యసభలో ఉండి పోరాడిన జావేద్ అఖ్తర్ గారు స్వయంగా పాటలు రాసేవారే. అంటే కంపెనీలతో తేల్చుకునే పోరు వాళ్ళు పోరాడుతూనే ఉన్నారు. మనం దొంగదారిన దింపుకుంటే ఆ పోరాడి తెచ్చుకున్న వాటా కూడా సున్నా అవుతుంది. యజమాని కూలీకి సరిగ్గా ఇవ్వడం లేదని మనం వెళ్ళి కూలీ క్యారేజీ ఎత్తుకొచ్చినట్టు ఉంటుంది.

"మధ్యతరగతివాళ్ళం, ఎక్కడినుంచి తెచ్చేది?" అని ఇంకో మాట. డబ్బు లేనివాళ్ళకి రేడియో ఉంది. కంపెనీలు, కళాకారులు సొంతంగా యూట్యూబ్‌లో పెట్టినవి ఉన్నాయి. మధ్యలో ప్రకటనలొస్తాయి, కాసేపు ఓపిక పడితే మన జేబులోంచి పోయేదేమీ లేదు, వాళ్ళకి మాత్రం ఎంతో కొంత లెక్కలో పడుతుంది. ఒకసారి వింటే వచ్చేది పైసల్లోనే. అయినా పైసలు పైసలే. చిల్లర డబ్బులు పోపుల డబ్బాలో దాచి ఇల్లు గట్టెక్కించిన మనకి ఎవరో చెప్పాలా?

మరి ఏం చెయ్యాలంటారా? పెద్ద త్యాగాలేమీ అక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ కలిపి పాటల యాప్ ఒకటి డబ్బు కట్టి పెట్టుకోండి. నెలకి ఒక్కసారి బయట టిఫిన్ చేసినంత కూడా అవదు. ఊరూ పేరూ లేని సైటు నుంచి దింపిన ఆల్బమ్ ఎవరైనా గ్రూపులో పెడితే, ముందుకి తోయకుండా అక్కడే ఆపండి. కుదిరితే అసలు లింకు వెతికి పెట్టండి. మీకు తెలిసినవాళ్ళెవరైనా సొంతంగా పాటలు తెస్తే, ఊరికే కాపీ అడగకండి, ధర అడగండి. మెచ్చుకోలు తర్వాత చెప్పొచ్చు. మీ ఇంట్లో సీమంతానికో, వ్రతానికో వచ్చి పాడినావిడకి జాకెట్టు ముక్కతో సరిపెట్టకండి. ఎంత ఇవ్వమంటారని నేరుగా అడగండి. పిల్లలు పాట దింపుతుంటే, అది ఎవరు పాడారో, ఎక్కడినుంచి దింపుతున్నారో ఒక్కసారి అడగండి. పక్కింటి జామచెట్టు మీద చెయ్యి వేస్తే కేకలేస్తాం కదా, ఇదీ అలాంటిదేనని చెప్పండి.

తెలిసి చేస్తే మన కాపీరైట్ చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు ఉంది. కానీ భయపెట్టి చేయించేది మర్యాద కాదు, అందుకే ఆ మాట చివర్లో చెప్పాను. పాట విన్నవాళ్ళే పాటగాడి ఎదుట నిలబడి, అతను అడగక ముందే చేతిలో పెట్టాలి. అదీ అభిమానం అంటే. చప్పట్లతో అద్దె కట్టలేరు, లైకులతో వీణ తీగలు కొనలేరు. మనకి పొగడ్తలతో నెల సరుకులు వచ్చాయా ఎప్పుడైనా? వాళ్ళకీ అంతే.